ఒళ్ళు విదిలించని పొట్టేలు

ఇది అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడమనండి. సగం కథలో లేస్తే ఒప్పుకునేది లేదు. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఇంతకన్నా నిజమైన సంగతి ఇంకొకటి జరగలేదు. జరిగిందన్నవాడు దీన్ని వినలేదన్నమాట.

కురబలకోట పక్కన గుట్టకిందపల్లె. అక్కడ గోపాలప్ప కూతురు ఉషకు తెల్లవారడమంటే గొర్రెల దొడ్డి తడిక తీయడమే. పిల్లల్ని తల్లుల దగ్గరికి వదలాలి, పెంట గంపకెత్తి దిబ్బలో పోయాలి. ఆ తర్వాతే మొగం కడుక్కోవడం. ఏ పిల్ల ఏ తల్లిదో కండ్లు మూసుకుని అరుపును బట్టి చెప్పేది. వాళ్ళ నాయన ఈల వేస్తే పుంగనూరు సంతలో పరాయి గొర్రెలు కూడా తలెత్తి చూసేవి. అదంత పెద్ద విషయమేమీ కాదు.

రెండు వేల రెండులో మందకు జబ్బు తగిలింది. గొర్రెలు నురగలు కక్కి పడిపోతుంటే గోపాలప్ప గంగమ్మ గుడి ముందర నిలబడి, “మంద నిలబడితే మొదట పుట్టే పొట్టేలు నీదేనమ్మా” అని మొక్కుకున్నాడు. మంద నిలబడింది. మొదటి పొట్టేలు పుట్టింది గానీ, ఈనిన తల్లి ఆ పూటే పోయింది. ఉష సీసాకు పాలపీక తగిలించి దాన్ని సాకింది. అది ఏనుగంత అయిందంటే మీరు నవ్వుతారు, అందుకని ఏనుగు గున్నంత అని సరిపెడదాం. గోడకు ఒళ్ళు రుద్దుకుంటే ఇంటిమీద పెంకులు కదిలేవి. దాని కండ్లలోకి చూస్తూ సంగటిలో మాంసం పులుసు కలుపుకోలేక ఉష ఆ ఏడే మాంసం మానేసింది. ఎవరూ మానమనలేదు. తనకు తాను పెట్టుకున్న కట్టడి.

మరుసటి ఏడు జాతరకు చాటింపు వేశారు. చాటింపు పడితే జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు, ఊరికొచ్చిన చుట్టాలు పొలిమేర దాటకూడదు. మిగతా ఊళ్ళలో అది పెద్దలు చెప్పే మాట. గుట్టకిందపల్లెలో రోడ్డే ఒప్పుకోదు. పొలిమేర రాయి దాటి పడమరకు పోయినవాణ్ణి మెల్లగా తిప్పి, తూర్పు వైపున ఊళ్ళోకి తెచ్చి వదిలేస్తుంది. బస్సెక్కినా అంతే. తక్కిన జనం మదనపల్లెలో దిగేవాళ్ళు, ఈ ఊరివాళ్ళ కాలు మాత్రం మెట్టు దిగేసరికి సొంత ఊరి మట్టి మీదే ఆనేది. కండక్టరు మునిరత్నం చాటింపు రోజుల్లో వాళ్ళకు టికెట్టే కొట్టేవాడు కాదు.

జాతర ఒక్కరోజుది, ఆ ఏడు మంగళవారం పడింది. మొక్కిన పొట్టేలు కొమ్ములకు పసుపు పూసి, వీపున పసుపునీళ్ళు పోస్తారు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించనిదే కత్తి లేవదు, జాతర ముగియదు.

పొట్టేలు విదిలించలేదు.

చెంబులతో పోశారు. బిందెలతో పోశారు. బోరుకు పైపు తగిలించి పోశారు. ఆ నీళ్ళతో ఎకరా వరి పండించొచ్చు. అన్నీ ఉన్నిలోకి ఇంకిపోయాయి, అది నెమరేస్తూ నిలబడింది. మండీకి పోవాల్సిన టమోటాలు గంపల్లోనే మెత్తబడ్డాయి. జాతరకొచ్చిన అల్లుళ్ళు అత్తగారిండ్లలో ఇరుక్కుపోయారు. మొదట కోడికూర వడ్డించిన అత్తలు పప్పుకు, ఆ తర్వాత ఉత్త చారుకు దిగారు.

ఉషకు సోమవారం పొద్దున కుప్పంలో నర్సు ట్రైనింగులో చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తనకు మళ్ళీ ఆ తడిక, ఆ పెంటగంప, జీవితమంతా.

శనివారం ఊరిపెద్ద నారాయణప్ప గోపాలప్పను పక్కకు పిలిచాడు.

“ఈగ వాలితే తోలు అదిరింది గదప్పా. ఇదిలిచ్చిందని ఒక్క మాట సెప్పు. పొట్టేలు నీది, మొక్కు నీది. ఊరు బయటపడతాది.”

“నా కండ్లు సూడంది నా నోరు సెప్పదప్పా.”

“నీ కూతురి సీటు పోతాదే!”

గోపాలప్ప నేల చూశాడు. “పోతాది” అన్నాడు.

ఇక అందరూ ఉష మీద పడ్డారు. ముసలి ఈశ్వరమ్మ ఆమె రెక్క పట్టుకుని పొట్టేలు దగ్గరికి తీసుకుపోయింది. “నువ్వు మనసులో కట్టేసుకోనుండావు పాపా, అందుకే అది కదల్లేదు. దాని సెవిలో ‘పో, నిన్నిచ్చేసినా’ అను. సాలు.”

ఉష వంగింది. తడి ఉన్ని వాసన, వేపాకు వాసన. ఆ ఒక్క మాట అంటే ఎల్లుండికి కుప్పంలో తెల్లబట్టల్లో ఉంటుంది. ఊరంతా మెడలు చాచింది. ఒక అల్లుడు దండం కూడా పెట్టాడు.

“నేనియ్యలేదవ్వా,” అంది ఉష లేచి. “ఇయ్యకుండా ఇచ్చినానని యాల సెప్పేది?”

“నా కొంపకే దొరికినారు ఇద్దరు సత్యమంతులు!” అని ఉష తల్లి నెత్తి కొట్టుకుంది. “ఒకరు సూల్లేదంటారు, ఇంకొకరు ఇయ్యలేదంటారు. నేనా, ఉప్పుడే సెప్పేద్దును! నన్నెవురూ అడగరే!”

ఆ పూట తండ్రీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని సంగటి తిన్నారు. గుమ్మం పక్కన సర్దిపెట్టిన పెట్టె ఉంది.

“నువ్వు సెప్పింటే నేను పోయిందును నాయినా.”

“నువ్వు సెప్పినా పోయిందువు.”

“మరి యాల సెప్పలే?”

“నువ్వు యాల సెప్పలే?”

ఇద్దరూ ముద్ద వదిలేసి చేతులు కడుక్కున్నారు.

ఆదివారం పొద్దున ఉష పెట్టె పట్టుకుని బస్సెక్కింది. మునిరత్నం జాలిగా చూశాడు. “కూసోమ్మా, ఒక సుట్టు గాలన్నా తగుల్తాది.” మదనపల్లెలో కాలు కింద పెట్టింది, గంగమ్మ గుడి ముందర దిగింది. పొట్టేలు అక్కడే, అట్లాగే నిలబడి ఉంది.

ఉష పెట్టె ఇంట్లో పడేసింది. తాను పోలేకపోతే పోలేదు, ఇదన్నా పోనీ అనుకుంది. పట్టపగలు, అందరూ చూస్తుండగా పలుపు విప్పి పొట్టేలును పొలిమేర రాయి దాకా నడిపించింది. గోపాలప్ప కత్తి చంకలో పెట్టుకుని వెంట నడిచాడు గానీ ఆపలేదు. అవతలికి తోసి, “పో” అంది. అది పోలేదు. సీసాపాలు తాగి పెరిగిన జీవం, సాకిన తల్లి లేకుండా అడుగు వేస్తుందా? సరే, కొంచెం దూరం దిగబెట్టి వద్దామని ఉష పలుపు పట్టుకుని రాయి దాటింది. రోడ్డు ఎక్కడ మళ్ళుతుందా అని ఎదురుచూస్తూ నడిచింది.

రోడ్డు మళ్ళలేదు, అమ్మవారి పొట్టేలు పక్కనుంది మరి. తీర్చిన పాపిటలాగా తిన్నగా మదనపల్లె వైపు పోయింది.

అప్పుడు పొట్టేలు ఆగి, కాళ్ళు దన్నుకుని, కొమ్ముల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలించింది. అన్ని రోజుల నీళ్ళూ ఒక్కసారిగా లేచాయి. కురబలకోటలో ఆరేసిన బట్టలు తడిశాయి. ఉష నిలువునా తడిసిపోయింది.

“ఇదిలిచ్చింది!” గోపాలప్ప గొంతు పగిలేలా అరిచాడు. “నా కండ్లతో సూసినా!”

“రాయి అవతల ఇదిలిస్తే ఎట్లప్పా?” నారాయణప్ప రొప్పుతూ వచ్చాడు. “కత్తి పొలిమేర దాటకూడదే!”

“ఒప్పుకునింది. ఏందానికి ఒప్పుకునిందో అమ్మోరినే అడుక్కో.”

అడిగే ధైర్యం ఎవరికుంది? డప్పు మోగింది. అల్లుళ్ళు చెప్పులు కూడా వెతుక్కోకుండా బస్సుకు పరుగెత్తారు.

ఉష వెనక్కి తిరిగింది. గోపాలప్ప చెయ్యి విసిరి, “ఈ తట్టు సూడొద్దు, పో! పెట్టె ఎనక పంపిస్తా. సోమారం దాటిపోతాది!” అన్నాడు.

బైపాసు దగ్గర రాళ్ళ లారీ ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు. “దీన్ని యాడికి తోలకపోతాండావు పాపా?”

“కుప్పంకు. నర్సు ట్రైనింగుకు.”

“దీన్నా?”

“నన్ను. ఇది తోడొస్తాండాది.”

ఉష ఇప్పుడు పెద్ద నర్సమ్మ. సూది వేసేముందు నొప్పి ఉండదని ఏ రోగికీ చెప్పదు. “నొప్పుంటాది, నా చెయ్యి పట్టుకో” అంటుంది. జనం ఆమె చేతి సూదికే వరస కడతారు.

ఇంకా అనుమానమా? ఆ లారీ క్యాబిన్లో పొట్టేలు కొమ్ము డొక్కలో గుచ్చుకుంటుంటే పుంగనూరు మీదుగా కుప్పం దాకా స్టీరింగు తిప్పిన మనిషి బతికే ఉన్నాడు. పుంగనూరు బస్టాండు వెనక అడగండి, చొక్కా ఎత్తి మచ్చ చూపిస్తాడు. పేరు ఎల్లప్ప.