మా సంఘంలో చిన్న ఎన్నిక

ఓడిపోయిన మర్నాటి నుంచి పరశురాముడు బావ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సింగపూర్‌లో, హౌగాంగ్ పేట ఫ్లాట్‌లో ఎంతని తిరుగుతాడు? హాలు, వంటింటి గుమ్మం, మళ్లీ హాలు. అలసిపోతే నాకు ఫోను. నేను ఆయన బావమరిదిని, పైగా పక్క బ్లాకు. తప్పించుకునే దారి లేదు.

"రవీంద్రా, ఈ ఓటమికి అర్థం ఏటంటావు?"

ఓడిపోయామని అర్థం. ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

మా తెలుగు సంఘంలో కమిటీ సగం ఒక ఏడాది, సగం మరో ఏడాది మారుతుంది. అధ్యక్షుడిని ఎన్నుకునే ఏడాదిది పెద్ద ఎన్నిక, రెండోది చిన్న ఎన్నిక. మలేసియాలో పుట్టి పని కోసం ఇటు దిగిన మా పాత కుటుంబాలదే సంప్రదాయ పక్షం. చిన్నదైనా పెద్దదైనా మేమే గెలిచేవాళ్లం. చేతులెత్తి ఓటేసేవాళ్లం, ఇంటికొక చెయ్యి, అది మగవాడి చెయ్యి. కంప్యూటర్ ఉద్యోగాల మీద ఇండియా నుంచి వచ్చిన కుర్రకారు నిరుడు ఆ పద్ధతి తీయించారు. ఆడవాళ్లకూ ఓటు, అదీ రహస్యంగా చీటీ మీద. రెండు వేల సంవత్సరం రాగానే లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టారు కదా, అవి ఆగలేదు. ఆ జనవరిలో మా పక్షానికి మాత్రం ఉన్న ఆరు సీట్లూ పోయాయి.

అవతలి పక్షం నాయకుడు జనార్దన్. పాయా లేబర్ పేటలో ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసు. సినిమా పాటల పోటీ పెడతామన్నాడు, ఉగాది భోజనం బయట కేటరింగ్‌కి ఇస్తామన్నాడు. దాని మీద బావ నిప్పులు చెరిగాడు. "ఉగాది వంట మన ఆడవాళ్ల చేతిదే కావాల. అది పోతే మనకింక మిగిలిందేటి?" అన్నాడు. హాలంతా చప్పట్లు. ముందు వరసల్లో కూర్చున్నది మగవాళ్లం కాబట్టి ఆ చప్పట్లూ మావే.

ఇప్పుడు రోజుకొక కారణం. ఒకరోజు వాన. ఒకరోజు జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైమ్, మనవాళ్లు రాలేకపోయారని. ఇంకోరోజు చీటీలు లెక్కపెట్టిన కుర్రాడి మీద అనుమానం. కూతురు పునీత చెవుల్లోంచి వాక్‌మన్ తీసి, "పాపా, యూ లాస్ట్ లా. ఫినిష్," అంది. బావ రెండు పూటలు దానితో మాట్లాడలేదు.

అన్నిటికన్నా ఆయన్ని కాల్చుకు తిన్నది మరొకటి. ఎవరిని కదిపినా "అంకుల్, మా ఇంట్లో అన్ని ఓట్లూ మీకే" అంటున్నారు. అలా అన్నవాళ్లే వచ్చిన ఓట్ల కన్నా ఎక్కువున్నారు. నేనైతే బావ పక్షానికే వేశాను. ఆయన మొహం చూసి చూసి, మరొకరికి వేసే ఊహే పుట్టలేదు.

చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. సంఘం నుంచి విడిపోవాలి. పాత కుటుంబాలతో వేరే సంఘం, ఇంటికొకటే ఓటు. ఆదివారం మధ్యాహ్నం అందరినీ తన ఫ్లాటుకి పిలిచాడు. ఉన్నదే పిడికెడు మందిమి. ఇందులో చీలిక వస్తే పెళ్లికీ చావుకీ కూడా ఎదురుపడం.

హాల్లో మగవాళ్లు కుర్చీల్లో. వంటింట్లో ఆడవాళ్లు వడలు వేస్తూ, కాఫీకి పాలు పెడుతూ. వయసులో పెద్దవాడైన వీరాస్వామి అంకుల్ సంతకాల కాగితం విప్పాడు. బావ లేచాడు.

"ఆడవాళ్లకి వేరే ఓటు ఇచ్చి వాళ్లు మన కాపురాల్లో చీలిక తేవాలని చూశారు. మన ఇళ్లలో అలాటిది లేదు. నా ఇల్లే సాక్ష్యం. కమలం! ఓసారి ఇలా రా."

మా అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు ఓటెవరికేశావో చెప్పు."

"ఇప్పుడెందుకండీ అది? ముందు తినండి, మకాన్ అయ్యాక మాటాడుకుందాం."

"చెప్పు, పరవాలేదు."

"జనార్దన్ వాళ్లకేశాను."

వీరాస్వామి అంకుల్ కాగితం మడతపెట్టి, మళ్లీ విప్పాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అక్కడి ఆడవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదని నాకు అప్పుడే తట్టింది.

"నేనేం తక్కువ చేశాను నీకు?" అన్నాడు బావ.

"తక్కువా లేదు, ఎక్కువా లేదు. ప్రతి ఉగాదికీ తెల్లారకుండా బ్లాకు కింద పొయ్యిల దగ్గర నిలబడతాం. అంత మందికి పులిహోర, పచ్చడి, బూరెలు. పైన హాల్లో మీరు పంచాంగం చదువుతారు. ఎంత బాగా చదివారోనని అందరూ వచ్చి నాతో చెబుతారు. నేను ఒక్క ఏడాదీ వినలేదు. ఇంటికొచ్చాక నా రాశికి ఏటుందండీ అనడిగితే, బాగానే ఉందిలే అని పడుకుంటారు." అక్క కళ్లు తుడుచుకుంది. "వంట బయటికిస్తే ఒక్కసారైనా కూర్చుని విందామనుకున్నాను. అందుకే వేశాను."

పూజారి దొరకని రోజుల్లో మొదలుపెట్టి, దొరికాక కూడా బావ ఆ పంచాంగం వదల్లేదు. ఆయన గొప్పంతా అదే. అది వినాలని సొంత పెళ్లాం ఆయన్నే ఓడించింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. అక్క వండిన బూరెలు తింటూ ముందు వరసలో కూర్చున్నవాణ్ణి నేనే కదా.

వీరాస్వామి అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "చూశావా పరశురామా, అందుకే ఇంటికొకటే ఓటుండాల."

"ఆ ఒక్కటీ ఎవరేస్తారు అంకుల్?" అన్నాడు బావ. అంకుల్ కాగితం జేబులో పెట్టుకున్నాడు. బావ అటూ ఇటూ తిరగలేదు. ఇన్నాళ్లకి కదలకుండా నిలబడ్డాడు. తర్వాత దేవుడి పటాల కింద నుంచి పంచాంగం తీశాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు.

"కూర్చో," అన్నాడు అక్కతో.

"ఇప్పుడా? ఏడాది అయిపోవచ్చింది కదండీ."

"మిగిలిందైనా విను."

అక్కకి నా కుర్చీ ఇచ్చాను. వంటింట్లోంచి ఆడవాళ్లందరూ వచ్చి నిలబడ్డారు. బావ సభలో చదివే గొంతుతోనే మొదలుపెట్టాడు. "వృషభ రాశి. ఈ రాశి వారికి మోకాళ్ల నొప్పులు బాధించును."

"అది నిజమే," అంది అక్క.

ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు. ఆమె మోకాళ్ల వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదవసాగాడు. స్టవ్ మీద పాలు పొంగుతున్న వాసన వచ్చింది. అలవాటుగా అక్క లేవబోయింది. "నువ్వు కూర్చో అక్కా," అని నేను వెళ్లి స్టవ్ కట్టేశాను.