తలుపు వెనుక ఇశ్రాయేలు

ఇశ్రాయేలు బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పాతబస్తీలో మురుగు నాలాను ఆనుకుని ఉన్న ఆ గల్లీలో మేడ ఉన్నది అతని ఇంటికొక్కదానికే. కింద రెండు గదులు, పైన ఒకటి. భార్య సుందరమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. కరోనా మొదలైనప్పటి నుంచి ఆమెను పైగదిలోనే ఉంచి, గడప లోపలికి ఎవరినీ రానివ్వకుండా కాపాడుకుంటూ వచ్చాడు.

ఎదురుగా రేకుల గదిలో బాబూమియా, అతని కూతురు సలీమా అద్దెకుండేవారు. బాబూమియా ఒకప్పుడు హోటల్లో చాయ్ మాస్టర్. పొయ్యి పొగకు ఆయాసం పట్టుకుని పని మానేశాడు. సలీమా బట్టలు కుట్టి ఇల్లు నడిపేది. సుందరమ్మ చెయ్యి పడిపోయాక, తొడగడానికి ఇబ్బంది లేకుండా పక్కన తెరుచుకునే జాకెట్లు కుట్టి ఇచ్చింది కూడా ఆమే.

ఆ ఏడాది అక్టోబరులో మంగళవారం పొద్దున మొదలైన వాన ఆగలేదు. మధ్యాహ్నానికి నాలా పొంగింది. నాలుగయ్యేసరికి గల్లీలో మోకాలి లోతు నీళ్లు. అప్పుడు సలీమా వచ్చి తలుపు కొట్టింది.

“చాచా, జర తలుపు తియ్యి. ఇంట్లకు నీళ్లొచ్చినయి. బాబాను మీ మెట్ల మీద కూసోబెడ్త.”

ఇశ్రాయేలు తలుపుకు ఇవతలే ఉన్నాడు. గొళ్ళెం మీద చెయ్యి కూడా వేశాడు. అంతలో బయట బాబూమియా దగ్గాడు. తెరలు తెరలుగా, ఆగని దగ్గు. ఇశ్రాయేలుకు పైనున్న భార్య గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రావద్దని చెబుదామంటే నోరు పెగల్లేదు. సలీమా మళ్లీ పిలిచింది, మళ్లీ కొట్టింది. అతను ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డాడు.

పైకి వెళ్తే, ఎవరొచ్చారని సుందరమ్మ అడిగింది. ఎవరూ లేరనీ, గాలికి తలుపు కొట్టుకుంటోందనీ చెప్పాడు. చాలాసేపటికి పిలుపులు ఆగాయి. కిటికీ సందులోంచి చూస్తే, తండ్రి చేతిని భుజం మీద వేసుకుని సలీమా నడుం లోతు నీళ్లలో రోడ్డు మీది బడి వైపు నడుస్తోంది. వాళ్లు మలుపు తిరిగేదాకా చూశాడు.

చీకటి పడేలోపు నీళ్లు అతని ఇంట్లోకీ వచ్చాయి. బియ్యం తడిసింది, కింది గదిలోని మందుల సంచి కొట్టుకుపోయింది. తెల్లవారేసరికి సుందరమ్మకు ఒళ్లు కాలిపోతోంది. కిటికీలోంచి గొంతు పోయేలా అరిచాడు. గల్లీలో మనిషి లేడు.

పది గంటలకు తౌఫీఖ్, విశాల్ అనే ఇద్దరు బస్తీ కుర్రాళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములకు చెక్క కట్టి, దాన్ని నెట్టుకుంటూ వచ్చారు. సుందరమ్మను దాని మీద పడుకోబెడుతూ తౌఫీఖ్ అన్నాడు: “సలీమక్క పంపింది చాచా. నిన్నటి సంది ఒకటే లొల్లి. చాచాకు చెవులు సక్కగ వినపడయంట, ఎంత పిలిచినా పలకలేదంట, ఇద్దరు పైన చిక్కుకున్నరు పోయి తీస్కరమ్మని.”

ఇశ్రాయేలు చెక్క అంచు పట్టుకుని నీళ్లలో నడిచాడు. బస్సు డిపోలోకి వస్తుంటే ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పిన చెవులవి. ఇప్పటికీ వాటికి ఏ లోపమూ లేదు.

బడిలో అరవై మంది దాకా ఉన్నారు. అంతమంది ఉన్నా కేకలు లేవు. బాబూమియా ఎవరిదో స్టవ్ మీద చాయ్ కాస్తూ, వచ్చినవాళ్లకు ఏ గదిలో చోటుందో నెమ్మదిగా చెబుతున్నాడు. ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా అతనితో రెండు మాటలు మాట్లాడాక గొంతు తగ్గిస్తున్నారు. సుందరమ్మను చూసి, తాను పడుకున్న బెంచీ మీది దుప్పటి దులిపి పరిచాడు. తన దగ్గు మంచిది కాదంటూ స్టవ్ తీసుకుని జల్లు కొట్టే వరండాలోకి వెళ్లిపోయాడు. సలీమా ఎక్కడినుంచో జ్వరం మాత్ర సంపాదించి తెచ్చింది. సుందరమ్మ తడి చీర మార్చి, తల తుడిచింది.

“ఇంత కష్టంల గూడ దేవుడు మనకు మంచోళ్లను సూపిచ్చిండు,” అంది సుందరమ్మ.

ఇశ్రాయేలు చేతిలోని చాయ్ చల్లారిపోయింది. తాగలేకపోయాడు. చెవిటివాడిగా ఉండిపోతే సరిపోతుంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి వరండాలోకి వెళ్లాడు. తండ్రీకూతుళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు.

“నాకు చెవులు మంచిగనే వినపడ్తయి,” అన్నాడు. “నిన్న తలుపు ఎన్కనే ఉన్న. అన్నీ విన్న.”

సలీమా చేతిలో కత్తి ఆగింది. అతని ముఖంలోకి చూసింది. కత్తి కింద పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

బాబూమియా కోసిన ముక్కల్ని గిన్నెలోకి తోశాడు. “భయం అందరికి ఉంటది భాయ్. నాకు లేదా? రావద్దు అంటే గప్పుడే పోతుంటిమి. నువ్వు వినలేదనుకొని నా బిడ్డ అరగంట నీళ్లల్ల నిలవడ్డది. గంతసేపట్ల నీళ్లు నడుం దాకా వచ్చినయి.”

ఇశ్రాయేలు తల దించుకున్నాడు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాడు. బాబూమియా గొంతులో కోపం లేదు. సలీమా వదిలేసిన కత్తిని ఇశ్రాయేలు వైపు జరిపి, ఇంకా రెండు కిలోలు కొయ్యాలన్నాడు. ఇశ్రాయేలు పక్కన కూర్చుని కోశాడు. వాన పడుతూనే ఉంది. రెండు కిలోలూ అయ్యేదాకా అతను లేవలేదు.

సాయంత్రం సుందరమ్మకూ చెప్పాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి మాత్రం ఒక్కటే మాట అంది. “ఆళ్ల గది ఆరేదాక మన పైగదిల ఉండమను.”

నీళ్లు తగ్గాక ఇశ్రాయేలు తన ఇంటికంటే ముందు వాళ్ల గదిలో బురద ఎత్తాడు. పైకి రమ్మని అడిగితే సలీమా వెంటనే ఒప్పుకోలేదు. తండ్రి ఆయాసం చూసి చివరికి వచ్చింది. మూడు వారాలు నలుగురూ ఆ ఇంట్లోనే ఉన్నారు. సలీమా సుందరమ్మకు తల దువ్వేది, కబుర్లు చెప్పేది. ఇశ్రాయేలుతో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట లేదు. అతను ఆశించనూ లేదు.

వాళ్లు తిరిగి వెళ్లే రోజున బాబూమియా మంచాన్ని ఇశ్రాయేలు ఒక వైపు ఎత్తితే, రెండో వైపు సలీమా పట్టుకుంది.

“మెల్లగ, చాచా,” అంది. “మెట్టు తడిగుంది.”

ఆమె ముఖం వైపు చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు. మంచాన్ని గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు.