వాపు తగ్గకముందే

దర్జీ మోకాలు పొద్దున బస్సు మెట్టుకు కొట్టుకుంది. ఇంకొకరైతే రుద్దుకుని మరిచిపోయేవారు. ఇతని రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లలో ఒకటి పుట్టుకతోనే లేదు. చిన్న దెబ్బకే కీలులో రక్తం కారుతూ ఉంటుంది. ఇంకోసారి ఇలా జరిగితే కాలు వంగదు, కుట్టుమిషన్ తొక్కడం మరిచిపో అని డాక్టర్లు ముందే చెప్పారు. అక్క అతన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చింది.

పెద్ద డాక్టరు మోకాలు చూసి సంబరపడ్డాడు.

"మంచి టైముకి వచ్చారు. క్లాసు మొదలవబోతోంది. ఇంత తాజా వాపు మా పిల్లలు చూడనేలేదు."

"సూది వేసి చూపించండి సార్," అంది అక్క.

"వేశాక చూడ్డానికేముంటుందమ్మా? ఒక్క క్లాసే కదా."

ఆ లేని ప్రోటీనే మందుగా పక్కగది ఫ్రిజ్‌లో ఉంది, వేసే నర్సు గుమ్మంలో ఉంది. ఉన్న అడ్డమల్లా చదువే. దర్జీని క్లాసులో బొమ్మలు వేసే తెర పక్కన కూర్చోబెట్టి ప్యాంటు పైకి మడిచారు.

"ఇది ఎముక మూలుగలో ఉండే పెద్ద కణం," అన్నాడు డాక్టరు తెర మీది బొమ్మ చూపిస్తూ. "రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను చిన్న చిన్న సంచుల్లో దాస్తుంది. కొన్ని తనే చేసుకుంటుంది, కొన్ని రక్తంలోంచి లాక్కుంటుంది. ఆఖరికి తనే ముక్కలై ప్లేట్‌లెట్లవుతుంది. ప్రతి ముక్కా తన వాటా సంచులు పట్టుకుపోతుంది. ఇతనికి లేని ప్రోటీన్‌ని కూడా వాటిలో దాయించాలని ప్రయోగాలు జరుగుతున్నాయి."

"నా మూలుగలో గోదాముందట," గొణిగాడు దర్జీ. "సరుకే దించలేదు."

"నోర్మూసుకోరా. నొప్పెలా ఉంది?"

"ఉబ్బుతోందక్కా."

అక్క చెయ్యెత్తింది. "ఆ ముక్కలు సంచులెప్పుడు విప్పుతాయి సార్?"

"గాయం దగ్గరికి చేరగానే."

"క్లాసయ్యేదాకా ఆగవా?"

వెనక బెంచీలు నవ్వాయి. మంచి ప్రశ్న అని మెచ్చుకుని డాక్టరు తర్వాతి బొమ్మ వేశాడు. పెద్దవాళ్లు జవాబు ఎగ్గొట్టే పద్ధతి అది, మెచ్చుకోవడం.

అక్క లేచి వెళ్లి తమ్ముడి ప్యాంటు కిందికి దించింది. అతని మోకాలి మీద తన సంచీ పెట్టి, దాని మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

"అడ్డు తప్పుకోండమ్మా. పిల్లలకు కనబడద్దూ?"

"సూది కనబడితే మోకాలు కనబడుతుంది."

డాక్టరు గడియారం చూశాడు, పిల్లల్ని చూశాడు, చివరికి నర్సుకు తలూపాడు. సూది పడ్డాక, రోగుల్ని ఓపిగ్గా ఎలా చూసుకోవాలో ఇదే ఉదాహరణ అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆలస్యమైంది కదా, చప్పట్లకు మోకాలు వంగుతుందా? నెల దాటినా సగమే వంగింది. ఇప్పుడు మిషన్ అక్క తొక్కుతోంది, పక్కన స్టూలు మీద కూర్చుని తమ్ముడు గుడ్డ నడుపుతున్నాడు. ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. పాఠం బాగా కుదిరిందట, ఈసారి దెబ్బ తగిలితే మందు వేయించుకోకుండా నేరుగా క్లాసుకే రమ్మన్నారు.

"ఏమంటున్నారక్కా?"

"నీకో ఉద్యోగం దొరికిందిరా," అంది అక్క, కాలు ఆపకుండానే. "రెండో మోకాలు అడుగుతున్నారు."