తలుపు తెరుచుకున్నాక

అపార్టుమెంటు సెక్రటరీ ఎక్కిన లిఫ్టు నాలుగో అంతస్తుకి జానెడు కింద ఆగిపోయింది. లిఫ్టు కంపెనీ మెకానిక్ పనిముట్ల సంచీతో మెట్లెక్కి వచ్చేసరికి ఆయన లోపలినుంచి తలుపు బాదుతున్నాడు.

"బాదకండి బాబాయ్ గారూ. కింద కూర్చుని నిదానంగా ఊపిరి తీసుకోండి. పది నిమిషాల్లో బయటుంటారు," అందామె.

"నీ మాట వింటే ప్రాణం లేచొచ్చిందమ్మా. మనవాళ్లు కాబట్టి పిలవగానే వచ్చావు. అదే ఆ ఆఫ్రికా నల్లవాళ్లని పంపుంటే, నన్నిలా వదిలేసి టీ తాగడానికి పోయేవాళ్లు."

ఆమె పళ్లు బిగించి తలుపు రెక్కలు లాగింది. చెయ్యి అందించింది. ఆయన ఆ చేతిని చూశాడు. ఆమె ముఖాన్నీ, ఉంగరాల జుట్టునీ చూశాడు. గోడ పట్టుకుని తనంతట తానే బయటికొచ్చాడు.

"ఇందాక మాట్లాడినావిడ ఏది?"

"నేనే."

"వేళాకోళమా? కార్డు చూపించు."

ఆమె పేరు కూడబలుక్కుని చదివాడు. "ఇదేం పేరు, నోట్లో రాళ్లు వేసుకున్నట్టు! మా భాష ఎక్కడ పట్టావు?"

"మా అమ్మ దగ్గర. మా అమ్మమ్మ కూడా ఈ ఊళ్లోనే పుట్టింది. మేడమీద మోటారు గది తాళమిస్తే లిఫ్టు బాగుచేసి వెళ్తాను."

"దొంగ చేతికి తాళమిచ్చినట్టే ఉంటుంది!"

ఆయన అక్కడే కంపెనీకి ఫోన్ చేసి, మనవాణ్ణి పంపమన్నాడు. నిమిషంలో సూపర్‌వైజరు ఆమెకి ఫోన్ చేశాడు.

"ఎందుకొచ్చిన గొడవ? నీ గొంతు బంగారం. రేపట్నుంచి ఆఫీసులో కూర్చుని ఫోన్లు చూసుకో. అందరికీ నోరు తిరిగే పేరేదైనా పెట్టుకో. ఇళ్లకి వేరేవాళ్లని పంపిస్తా."

"పదకొండేళ్లు పని చేయించుకుని, ఇప్పుడు మొహం దాచేసి గొంతు వాడుకుంటారా? నేను మానేస్తున్నా."

'పనిచేయదు' అన్న బోర్డు తగిలించి, తలుపు మళ్లీ బిగించింది.

"నేను ఆరో అంతస్తుకెలా ఎక్కాలి? నా మోకాళ్లు..." అన్నాడు సెక్రటరీ.

"మీవాళ్లొచ్చేదాకా మెట్లున్నాయి," అని దిగిపోయింది.

నెల తిరక్కుండా ఇంకో కంపెనీలో చేరింది. ఇంటి లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్లిన మొదటి చోటే ఒకావిడ తలుపు గొలుసు తియ్యకుండా, సందులోంచి చూసి, "మెకానిక్ రాలేదా?" అంది.

"మీ ఎదురుగానే ఉన్నాను. తీస్తారా, పోనా?"

గొలుసు తియ్యడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.