అరుగు కింద గడ్డి

చేలగట్టు మీద వీరాస్వామి కాలు జారింది. నెత్తి మీది పెట్టె పక్కకు ఒరిగింది. వెనకాలే వస్తున్న లిడియా పట్టుకోబోయి రెండు చేతులూ ముందుకు చాచింది. అతను ఎలాగో నిలదొక్కుకుని, అడుగు దూరం జరిగి, "ముట్టుకోకమ్మా, మెయిలు" అన్నాడు.

మెయిలు కాబట్టి ముట్టుకోకూడదో, ముట్టుకోబోయింది లిడియా కాబట్టి ముట్టుకోకూడదో, ఆ రెండూ విడదీసి చూసుకునే తీరిక వీరాస్వామికి ఎన్నడూ లేదు. ఏలూరు పోస్టాఫీసు నుంచి కొల్లేటి నడుమ ఉన్న తూములంకకు ఉత్తరాల సంచి మోసే రన్నరు అతను. నెలకు తొమ్మిది రూపాయల జీతం. శ్రావణమాసపు ముసురులో గట్లన్నీ సబ్బు రాసినట్టు ఉన్నాయి. ఒక భుజాన సంచి, నెత్తిన ఎనిమిది వీశెల పెట్టె. మామూలు రోజుల్లో పరుగులాంటి నడక అతనిది. ఇవాళ మాత్రం పురిటి బిడ్డను మోస్తున్నవాడిలా ఒక్కొక్క అడుగే తడుముకుంటూ వేస్తున్నాడు.

పెట్టెలో ఉన్నది కుట్టుమిషను. లిడియాది.

తూములంక మాలపేటలో కుట్టుమిషను ఎందుకని ఊళ్లో చాలామంది అడిగారు. పేట ఆడవాళ్లను అడిగితే వాళ్లే చెప్పేవారు. ఊరి దర్జీ గంగరాజు పేటవాళ్లకు రవికలు కుట్టనని ఏనాడూ అనలేదు, పాపం మంచివాడే. కాకపోతే టేపు పెట్టడు. మనిషిని వీధిలో దూరంగా నిలబెట్టి, ఇటు తిరుగు, అటు తిరుగు అంటూ కంటితో కొలుస్తాడు. అలా కుట్టిన రవిక ఒకటి చంకల్లో పట్టేస్తుంది, ఇంకొకటి గోనెసంచిలా వేలాడుతుంది. నాట్లకు వంగితే వీపు మీద ఫట్టున పిగులుతుంది. కుట్టుకూలి ఊరివాళ్లకు రెండణాలైతే పేటవాళ్లకు మూడు. అదేమిటంటే కంటితో కొలవడం కష్టమట. నాట్లలో పొద్దస్తమానం నడుం వంచితే వచ్చేది రెండణాలు. రోజంతా పనిచేసి ఇంకో అణా అప్పు చేస్తే చిరిగిపోయే రవిక ఒకటి వస్తుంది.

లిడియా ఏలూరు మిషను బడిలో కుట్టుపని నేర్చుకుంది. పెళ్లయి తూములంక వచ్చిన కొత్తలో పక్కింటి దేవకుమారిని దగ్గర నిలబెట్టి, దారంతో భుజాలూ చంకలూ కొలిచి, చేత్తో ఒక రవిక కుట్టి ఇచ్చింది. దేవకుమారి అది తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. ఎక్కడా పట్టేయలేదు. "నన్ను ఇంతవరకూ ఎవరూ కొలవలేదే" అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. ఆ తరవాత లిడియా తనకూ ఒకటి కుట్టుకుంది. పగలంతా చేల్లో పనిచేసి వచ్చి చేత్తో కుట్టడమంటే ఒక్క రవికకు వారం పడుతోంది. పేట మొత్తానికి కుట్టాలంటే మిషను ఉండాలి.

ఆమె భర్త ఏసుబాబు ఊరి మోతుబరి సత్తిబాబు గారి దగ్గర ఏడాది పాలేరుతనానికి ఒప్పుకుని, ముందుగా నలభై రూపాయలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అంటే ఒక మనిషి ఏడాది బతుకు ఆ పెట్టెలో ఉంది.

మొదటి మిషను వైశాఖంలో వచ్చింది. చెన్నపట్నంలో పాత మిషన్లు బాగుచేసి అమ్మే దుకాణంవాళ్లు, బరువు తగ్గడానికి చెక్కపీట తీసేసి ఇనుప భాగం మాత్రం పోస్టులో పంపారు. బ్రాంచి పోస్టుమాస్టరు నరసరాజు గారు అరుగు మీంచి పెట్టె వదిలారు. లిడియా కింద పరిచిన గోనెపట్టా మీంచి ఎత్తుకుంది. ఇంటికి తీసుకెళ్లి మేకులు ఊడదీసి చూస్తే మిషను మెడ విరిగి రెండు ముక్కలైంది. పోత ఇనుము అతకదని కమ్మరి తేల్చి చెప్పాడు. లిడియా రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నరసరాజు గారు చాలా బాధపడ్డారు. ఆయన మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. రైల్లో విసిరేసి ఉంటారనో, పడవలో పడేసి ఉంటారనో తనే ఇంగ్లీషులో రెండు పేజీల ఫిర్యాదు రాసి పైఆఫీసుకు పంపారు. లిడియా దగ్గర స్టాంపు డబ్బులు కూడా తీసుకోలేదు. రైలు పెద్దది, దాన్ని ఎవరూ ఏమీ అనలేరు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ ఫిర్యాదు వచ్చి వచ్చి వీరాస్వామి మీద పడింది. రూపాయి జుల్మానా వేశారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగం తీసేస్తామన్నారు. దుకాణంవాళ్లు విరిగిన ముక్కలు వెనక్కి తెప్పించుకుని, ఇంకొకటి పంపుతామనీ, దాంతో తమ బాధ్యత సరి అనీ రాశారు.

అందుకే వీరాస్వామి నిన్న సాయంత్రం పేట మొగదల నిలబడి లిడియాను పిలిచాడు. "నీ పెట్టె ఏలూరొచ్చింది. పొద్దున్నే నాతో రా. ఎక్కడ పడద్దో, ఎవరు పడేత్తారో నీ కళ్లతో సూసుకో. రేపు నా మీద చెప్పకు" అన్నాడు. నాట్లు ఎగ్గొడితే సత్తిబాబు గారు ఊరుకోరు. అయినా ఆమె చీకటితోనే బయలుదేరింది.

ఏలూరులో గుమాస్తా కిటికీలోంచి పెట్టెను వీరాస్వామి చేతికి అందించాడు. లిడియా చెవి పెట్టి విన్నది. లోపల ఏ చప్పుడూ లేదు. ఊరు దాటింది, పుంతబాట దాటింది, గట్లు వచ్చాయి. అతను పెట్టె దించిన ప్రతిచోటా ఆమె వంగి చూసింది, ఎత్తుకున్న ప్రతిసారీ ఊపిరి బిగబట్టింది. ఒక చోట అతను కూర్చుని చుట్ట వెలిగించుకుంటే, పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది. "నువ్వు కూసోవమ్మా, నన్ను కూసోనివ్వవు" అని అతను విసుక్కున్నాడు. ఆమె కూర్చోలేకపోయింది.

కొల్లేటి ఒడ్డున దోనె ఎక్కేసరికి పడమటి గాలి లేచింది. కిక్కిస దుబ్బులు దాటి నడినీళ్లలోకి వచ్చాక కెరటాలు అడ్డంగా కొట్టడం మొదలుపెట్టాయి. దోనె ఒక పక్కకు ఒరిగింది, పెట్టె అటు జారింది. వీరాస్వామి రెండు చేతులూ గెడ మీద ఉన్నాయి. గెడ వదిలితే దోనె తిరగబడుతుంది, వదలకపోతే పెట్టె నీళ్లలో పడుతుంది.

"పట్టుకో! లిడియమ్మా, పట్టుకో!" అని అరిచాడు.

ఆమె ఒక్క దూకులో పెట్టె మీద పడింది. రెండు చేతులతో వాటేసుకుని, మోకాళ్లు దోనె పక్కలకు తన్నిపెట్టి కూర్చుంది. వానా కెరటమూ కలిసి ఒళ్లంతా తడిపేశాయి. మధ్యలో మెయిలు సంచి కూడా జారితే దాన్నీ ఒళ్లోకి లాక్కుంది. లంక చేరేదాకా వదల్లేదు. ఒడ్డున దిగేటప్పుడు ఆమె చేతుల్లోంచి పెట్టె అందుకుంటుంటే వీరాస్వామి వేళ్లు ఆమె వేళ్లకు తగిలాయి. ఇద్దరూ చూసుకున్నారు. కొల్లేరు ఎండిపోలేదు, ఆకాశం విరిగి పడలేదు. అతను పెట్టె నెత్తికెత్తుకున్నాడు.

తూములంకలో పోస్టాఫీసంటే నరసరాజు గారి వీధరుగే. కొల్లేరు పొంగినప్పుడు నీళ్లు ఇళ్లలోకి రాకుండా ఊళ్లో అరుగులన్నీ ఎత్తుగా కట్టుకున్నారు. రాజుగారి అరుగు లిడియాకు గడ్డం దాకా వస్తుంది. పేటవాళ్లు దాన్ని తాకకూడదు. వాళ్లు వీధిలో నిలబడతారు, రాజుగారు పైనుంచి వదులుతారు. ఉత్తరమైతే గాలికి నాలుగు బారలు పరుగెత్తించి దొరుకుతుంది. సీసాలైతే కొంగులో పడతాయి, కొన్ని పడవు. పాస్టరు ఇస్సాకు గారి కళ్లద్దాలు చెన్నపట్నం నుంచి రెండుసార్లు పగిలి వచ్చాయి. పోస్టులో వచ్చేవన్నీ పగిలే వస్తాయని పేటలో ఒక నమ్మకం.

ఈసారి గోనెపట్టా చాలదనీ, రెండు మోపుల గడ్డి తెచ్చి మందంగా పరుచుకోమనీ నరసరాజు గారు ముందుగానే లిడియాకు సలహా చెప్పారు. ఆమె నిన్ననే గడ్డి తెచ్చి గోడవార పెట్టుకుంది. ఇప్పుడు తడిబట్టలతోనే అరుగు కింద దాన్ని పరిచింది. పైన సత్తిబాబు గారు చుట్ట కాలుస్తూ తన ఉత్తరాల కోసం చూస్తున్నారు. నాట్లకు రానిది ఇందుకా అన్నట్టు ఆమె వంక ఒక చూపు చూశారు.

వీరాస్వామి పెట్టె అరుగు మీద దించాడు. సామాను చెడకుండా ముట్టిందని ముందు పుస్తకంలో సంతకం పెట్టమన్నాడు. రాజుగారు పెట్టెను అటూ ఇటూ కదిపి, చెవి పెట్టి విని, సంతోషంగా సంతకం పెట్టారు. "చూశావా అమ్మా లిడియా, ఈసారి నిక్షేపంలా వచ్చింది. గట్టిగా రాస్తే వాళ్లే దారికొస్తారు. ఏదీ, నువ్వూ సంతకం పెట్టు" అని రసీదు కాయితమూ పెన్సిలూ కిందికి వదిలారు.

కాయితం గడ్డి మీద వాలింది. పెన్సిలు గడ్డి దాటి రాయి మీద పడింది. లిడియా వంగి తీసింది. ముక్కు విరిగిపోయింది. ఎప్పుడూ విరుగుతుంది. ఎప్పుడూ పళ్లతో గిల్లి, మిగిలిన దాంతో సంతకం పెడుతుంది. ఇవాళ కూడా నోటి దగ్గర పెట్టుకోబోయి ఆగిపోయింది.

తల ఎత్తి చూసింది. రాజుగారు పెట్టెను నెమ్మదిగా అంచుకు జరుపుతున్నారు.

పొద్దుటి నుంచి ఆమె ఈ పెట్టె ఎక్కడ పడుతుందో చూడాలని కాపలా కాస్తోంది. ఏలూరులో పడలేదు. గట్టు మీద పడలేదు. అంత గాలిలో కొల్లేట్లో పడలేదు. ఇప్పుడు పడబోతోంది. ఇంతకాలం దీన్ని ఎవరూ పడెయ్యడం అనలేదు, ఇవ్వడం అన్నారు. అది పడడానికి వీలుగా గడ్డి తెచ్చి పరిచింది కూడా తనే. లిడియాకు ముందు సిగ్గు వేసింది. ఆ తరవాత కోపం వచ్చింది.

కాలితో గడ్డిని పక్కకు నెట్టేసింది. అరుగుకు దగ్గరగా వచ్చి పెట్టె కింద నిలబడి, రెండు చేతులూ పైకెత్తింది.

"వదలకండి రాజుగారూ. నా చేతికివ్వండి."

రాజుగారికి అర్థం కాలేదు. గడ్డి ఎందుకు తీశావమ్మా అని అడిగారు.

"మొన్నటిది రైల్లో విరగలేదండి, పడవలోనూ విరగలేదు. ఇక్కడ విరిగిందండి. ఇది నా చేతికిస్తేనే సంతకం పెడతాను."

నరసరాజు గారి మొహం తెల్లబోయింది. ఆయనకు నిజంగానే తెలియదు. ఇన్నేళ్లలో తన చేతి నుంచి ఏదైనా పడిందని ఆయన ఒక్కసారీ అనుకోలేదు. నేనేమన్నా విసిరేశానా అమ్మా, ఎప్పుడూ ఇచ్చినట్టే కదా ఇచ్చాను, మీ వాళ్లందరికీ ఇలాగే కదా ఇస్తాను అని మెత్తగా నచ్చజెప్పబోయారు. ఆమె చేతులు దించలేదు. సత్తిబాబు గారు చుట్ట నోట్లోంచి తీసి, "ఏసుబాబు నా పాలేరన్న సంగతి గుర్తుందా లేదా?" అన్నారు.

లిడియాకు గుర్తుంది. ఇంటికి వెళ్తే ఏసుబాబు ఏమంటాడో, రేపు అతన్ని పనిలోకి రానిస్తారో లేదో, ఇచ్చిన నలభై రూపాయలూ ఇప్పుడే కట్టమంటారో, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. అయినా చేతులు అలాగే ఉంచింది.

రాజుగారికి ఒక ఉపాయం తోచింది. దాంతో ఆయన మొహం తేటపడింది. "వీరాస్వామీ, నువ్వు కాస్త దాన్ని కిందికి దించి నేల మీద పెట్టెయ్" అన్నారు.

అది నిజంగా మంచి ఉపాయమే. ఎవరికీ మైల అంటదు, మిషను విరగదు. లిడియా కూడా అతని వంక చూసింది. సరేనంటే బాగుండునని ఆమె మనసులో ఒక మూల అనిపించింది కూడా. వీరాస్వామి తలగుడ్డ విప్పి, నీళ్లు పిండి, మళ్లీ చుట్టుకున్నాడు. ఫిర్యాదు రాసిన చేతుల వంక కాసేపు చూశాడు.

"నా పని మీకప్పగించేదాకానేనండి. మీరు సంతకం పెట్టేశారు కదండీ" అన్నాడు. లిడియా వంక చెయ్యి చూపించి, "కొల్లేరు దాటినంతసేపూ ఆ పెట్టె ఆవిడ సేతుల్లోనే ఉందండి. మన మెయిలు సంచి కూడానండి. ఏమీ కాలేదండి" అన్నాడు.

మెయిలును పరాయి చేతుల్లో పెట్టిన రన్నరుకు మర్నాడు ఉద్యోగం ఉండదు. ఆ మాట అతను పోస్టుమాస్టరు ముందే, నలుగురూ వినేట్టు అన్నాడు. అని, లిడియా నెట్టేసిన గడ్డి మీద చతికిలబడి కూర్చున్నాడు.

పెట్టె సగం అరుగు మీదా సగం గాలిలోనూ ఉంది. వెనక్కి లాక్కుంటే సర్కారు సామాను ఇవ్వననడమవుతుంది. వదిలితే మనిషి మీద పడుతుంది. అంచు దాటిన బరువును రాజుగారు వెనక్కి వంగి రెండు చేతులా ఆపుతున్నారు. చప్పుడు విని ఎదురింటి ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. చినుకులు మళ్లీ మొదలయ్యాయి. సత్తిబాబు గారి చుట్ట ఆరిపోయింది, ఆయన మళ్లీ వెలిగించుకోలేదు.

లిడియా చేతులు ఇంకా పైకే ఉన్నాయి. ఆమె తొడుక్కున్నది తను కొలుచుకుని కుట్టుకున్న రవిక. అంతసేపు ఎత్తినా చంకల్లో ఎక్కడా పట్టేయలేదు.