గాలివార్త

మా బావమరిది పేరు నేను ఎత్తను. 'బహుశా' అంటే వీధంతటికీ తెలుసు. ఆరోగ్యశాఖ ఆఫీసులో ఉద్యోగం వెలగబెడతాడు, నోట్లోంచి ఒక్క మాట ఖాయంగా రాదు. నేను ఐదో తరగతిలోనే బడి మానేసి కత్తెర పట్టినవాణ్ణి. నాకు అంగుళమంటే అంగుళమే.

ఊళ్ళో ఆ కొత్త జబ్బు మొదలైనప్పుడు వాడే చెప్పాడు, "బహుశా తాకితే అంటుకుంటుంది బావా" అని. ఆ ఒక్క మాటకు నా దర్జీ కొట్లోకి వచ్చిన ప్రతి గుడ్డనూ వేడినీళ్ళలో ముంచాను. గుడ్డలు కుంచించుకుపోయాయి, తెచ్చినవాళ్ళ మొహాలు ముడుచుకుపోయాయి. కాజాలు కుట్టే మా అమ్మకు ఆయాసం. ఆమెను కొట్టు వెనక గదిలోనే ఉంచేశాను. మిషను చప్పుడు పక్కన లేకపోతే ఆమెకు అన్నం సయించదు.

కొన్నాళ్ళకు వాడు ఫోన్ చేశాడు. "బావా, గాలి వార్త వచ్చింది."

"గాలివార్తలు నమ్మొద్దని నువ్వే చెప్పావుగా!" అని పెట్టేశాను. దుమ్ము రాకుండా తలుపు బిగించుకుని గుడ్డలు ఉతుకుతూనే ఉన్నాను.

మర్నాడు పరుగున వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "గాలిలో వ్యాపిస్తుందన్న వార్త బావా! పుకారని ఎవరన్నారు? ఇలా మూసుకు కూర్చున్నావేంటి?"

"మరి నేను ఉతికిన గుడ్డలో?"

"గుడ్డల మీంచి అంటుకున్నట్టు రుజువు పెద్దగా లేదు. గాలిలో ఎంతసేపుంటుందో, ఎంత దూరం పోతుందో ఇంకా తేలలేదు. బహుశా..."

"అదిగో, వచ్చింది!"

"నీకు టేపుంది బావా. దీనికింకా టేపు తయారవలేదు. లేని అంగుళాలు ఎక్కణ్ణించి చెప్పను?"

మెళ్ళో టేపు తీసి మిషను మీద పెట్టాను. "అమ్మ కొట్లోకి రావచ్చా, అది చెప్పు."

"మాస్కు పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుంటే... బహుశా రావచ్చు. ఇంతకీ కిటికీ ఏది?"

"ఆ బట్టల అల్మరా వెనక."

లోపల్నించి అమ్మ అరిచింది. "మీ తగువు తేలేలోపు ఈ చీకటి గదిలో కాజాలు కుట్టి నా కళ్ళు పోతాయి. ఆ అల్మరా పీకండ్రా ఇద్దరూ!"

పీకాం. ఇప్పుడు అమ్మ ఆ కిటికీ దగ్గరే కాజాలు కుడుతోంది. గాలికి దారం చిక్కుపడుతోందని రోజూ తిడుతుంది, హాయిగా తిడుతుంది. సాయంత్రం వాడు కిటికీ అవతల నిలబడి 'బహుశా' అనగానే పకపకా నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది గానీ బయటపడను. వాడి పుణ్యమా అని నాకు పోయింది అల్మరా ఆనించుకునే గోడ, ఖాయంగా నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు.