మేక హారన్ కోసం వేసిన బెజ్జం

ఆ రోజు వెంకటనారాయణగారు కారు తనే నడుపుకుంటూ మా షెడ్డుకి వచ్చారు. డ్రైవర్ మంగీలాల్ వెనక సీట్లో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆరేళ్లలో వాళ్లిద్దరినీ అట్లా తారుమారుగా చూడటం అదే మొదటిసారి. ఇక నా నోరు ఊరుకుంటుందా?

"ఏం మంగీ, సేటువైపోయినవ్ కదా! ఈ కొత్త డ్రైవర్‌ను ఎక్కడ పట్టినవ్‌రా? మంచిగనే నడుపుతుండు."

ఎవరూ నవ్వలేదు. మంగీ అయితే తలే ఎత్తలేదు. పక్కన సీటు కవరు కుడుతున్న నా భార్య రహీమున్నీసా మిషను ఆపి నా వైపు గుర్రుగా చూసింది.

చండ్రుగొండ సెంటర్ దాటాక ఎడమ చేతి వైపున్న రేకుల షెడ్డు మాది. సగంలో నేను కార్లకు కరెంటు పని చేస్తాను, సగంలో ఆమె సీటు కవర్లు కుడుతుంది. ఈ దారిన బండ్లు నడిపేవాళ్లందరికీ నేను పాషా మామను. వెంకటనారాయణగారికి ఊరి బయట ముప్ఫై ఎకరాల పామాయిల్ తోట ఉంది. వాళ్ల నాన్న కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. కోపం వచ్చినా గొంతు పెంచని మనిషి.

"పాషా, డిక్కీ తెరువు," అన్నారు.

బటన్ నొక్కితే డిక్కీ కాస్త తడబడి తెరుచుకుంది. లోపలి నుంచి కుళ్లిన గోనెసంచి వాసన గుప్పుమంది. మ్యాటు ఎత్తితే కింద స్టెప్నీ చక్రం సగం దాకా నీళ్లలో ఉంది. ఎర్రటి నీళ్లు. వేలు పెడితే అడుగున జారుడు బురద తగిలింది.

"మొన్న మా ఆవిడ నిర్మలని భద్రాచలంలో వాళ్ల చెల్లెలి ఇంటికి తీసుకెళ్లి తీసుకురమ్మని వీణ్ణి పంపాను," అన్నారాయన. "ఆమె అక్కడే ఆగిపోయింది, తిరిగొచ్చేప్పుడు వీడొక్కడే. గంట ఆలస్యంగా వచ్చాడు. తెల్లారి చూస్తే ఇదీ సంగతి. వీడి తండాకి పోయే దారిలో వాగుంది, బ్రిడ్జి లేదు. వానాకాలంలో ఆ వాగులో కారు దించొద్దని లక్షసార్లు చెప్పాను. దించాడా లేదా, నువ్వు చూసి చెప్పు. దించాడంటే తాళం ఇక్కడే తీసుకుంటాను. రేపటి నుంచి రానక్కర్లేదు."

మంగీ అప్పుడు నోరు తెరిచాడు. "తండాకే పోలే మామా. మా అమ్మ మీద ఒట్టు. పాల్వంచ ఇంకా రాలే, అడివిలో ఉన్న. పశువులు అడ్డమొస్తే బ్రేక్ కొట్టిన. వెనక లారీ ఆయన ఇంతదూరంల ఆపిండు." రెండు చేతులూ జానెడు ఎడంగా పెట్టి చూపించాడు. "దిగొచ్చి నన్ను బూతులు తిట్టిండు. నీ బండికి బ్రేక్ లైటు లేదు, ఇండికేటర్ లేదు, చస్తవా అన్నడు. చూస్తే నిజంగనే ఒక్కటి ఎలుగుతలే. అక్కడి సంది రోడ్డు అంచుకు మెల్లగ నడుపుకుంట వచ్చిన. అందుకే లేటు."

"మరి ఈ బురద నీళ్లు ఆకాశం నుంచి పడ్డాయా?" అన్నారు వెంకటనారాయణగారు. అని నా వైపు తిరిగారు. "మాటల్లో నువ్వెట్లాంటి వాడివైనా పని విషయంలో అబద్ధం చెప్పవు. నువ్వు ఎంత చెబితే అంత."

పక్కనే ఉన్న తుల్సీరాం టీ హోటల్ నుంచి కుర్చీ తెప్పించుకుని షెడ్డు ముందు కూర్చున్నారు.

నేను డిక్కీలో తల పెట్టాను. ఎడమ మూల వైర్లు కలిసే చోట ప్లాస్టిక్ కప్పు విప్పితే రాగి తీగలన్నీ పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. రెండు తీగలు ముట్టుకుంటేనే విరిగిపోయాయి. ఆ మూలనే నేను పెట్టిన చిన్న నల్ల డబ్బా కూడా ఉంది. మేక హారన్ డబ్బా.

దాని కథ చెప్పాలి. రెండు నెలల కింద, ఎండాకాలం చివర్లో, వెంకటనారాయణగారు రివర్స్ హారన్ పెట్టమని కారు ఇచ్చి తుల్సీరాం దగ్గర టీకి వెళ్లారు. అందరికీ పెట్టే పాట ఆయనకెందుకని నేను మేక అరుపు పెట్టాను. మర్నాడు ఆయన పెనుబల్లిలో ఒక పెళ్లికి పోయి, ఫంక్షన్ హాలు ముందు, నాలుగు ఊళ్ల పెద్దల నడుమ, మంగీతో కారు వెనక్కి తీయించారు. కారు "మ్మే... మ్మే..." అని మొదలుపెట్టింది. వెనక నిలబడ్డ ముసలాయన ఒకాయన నిజం మేకనుకుని కారు కింద వంగి చూశాడట. సాయంత్రం ఫోన్ చేసి తిడతారనుకున్నాను. నవ్వారు. నిర్మలాదేవిగారికి నచ్చిందట, ఉంచెయ్యమన్నారు. ఆ కథ నేను షెడ్డుకి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను.

"పాషా, ఏం తేలింది?" అన్నారు కుర్చీలోంచి.

"నీళ్లు కొట్టి చూడాలె సార్. నేను డిక్కీల పంటా. మూత వేసి బయట నుంచి పైపుతోని కొడితే, ఎక్కడ కారుతదో లోపలికెళ్లి కనబడ్తది."

ఇది మా పనిలో మామూలే. స్టెప్నీ తీసి, నీళ్లు తోడేసి, ఫోన్ లైటు పట్టుకుని, యాభై రెండేళ్ల ఒళ్లు మూడు మడతలు పెట్టి లోపల దూరాను. రహీమున్నీసా పైపు పట్టుకుంది.

"మంచిగ మూసెయ్ రహీమా. నేను రాకుంటే ఇంకో నిఖా చేసుకో."

"ముందు పని చూడు జీ," అని మూత దబ్బున వేసింది.

మొదట కప్పు మీద కొట్టమన్నాను. చుక్క రాలేదు. వెనక అద్దం అంచు మీద. రాలేదు. టెయిల్ లైట్ల మీద. రాలేదు. మూత చుట్టూ ఉండే రబ్బరు కొత్తదానిలా ఉంది. ఒక్కో చోటు పొడిగా తేలుతున్నకొద్దీ నాకు మంగీ చేతులు గుర్తొస్తున్నాయి. పై నుంచి రాకపోతే ఇక కింది నుంచే. కింది నుంచి అంటే వాగే.

"చక్రం ఎనక కొట్టు! బంపరు కిందికెళ్లి పైకి!" అని అరిచాను.

నీళ్లు కింద రేకుకి తగిలి డోలు వాయించినట్టు మోత. ఆ వెంటనే ఎడమ మూల నుంచి సన్నటి ధార వచ్చి నా చెంప మీద కొట్టింది. లైటు అటు తిప్పాను. నల్ల డబ్బా కింద, మేక హారన్ వైరు బయటికి పోయే చోట, బెజ్జం. నేను డ్రిల్లు పెట్టి వేసిన బెజ్జం.

అట్లాంటి బెజ్జానికి, వైరు చుట్టూ బిగిసేలా రబ్బరు బుష్ వేయాలి. వేసి, చుట్టూ గమ్ము పూయాలి. ఈ పనిలో చేయి పెట్టిన మొదటి వారమే నేర్చుకునే సంగతి అది. ఆ రోజు వెంకటనారాయణగారి టీ అయిపోవస్తోంది. ఆయన వచ్చేలోగా బంపరు బిగించేయాలి, నాకేమో నవ్వు ఆగడం లేదు. బుష్ వెతకడానికి పెట్టె తెరవలేదు. వైరు లాగి మూసేశాను. వానలు పడ్డప్పటి నుంచి చక్రం ఎగజిమ్మిన ఎర్ర బురద రోజూ ఆ బెజ్జంలోంచే లోపలికి పోయింది. వైర్లను తిన్నది అదే. అడివిలో లైట్లు ఆరిపోయింది అందుకే.

"నీళ్లు బంద్ చెయ్! మూత తియ్!" అన్నాను.

బటన్ నొక్కిన చప్పుడు వినపడింది. మూత లేవలేదు. మళ్లీ నొక్కారు. లేవలేదు. ఆ కారు డిక్కీకి తాళం బెజ్జం లేదు, బటనే దిక్కు. ఆ బటన్ వైరు కూడా ఎడమ మూల నుంచే పోతుంది.

చెంప మీద బురద, మోకాళ్లు గడ్డానికి ఆని, ఫోన్ లైటులో ఆ బెజ్జం నా కంటికి బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడొక ఆలోచన వచ్చింది, దాచను. ఆ మూలలో ఉన్నది నేనొక్కణ్ణే. బొటనవేలంత గమ్ము ముద్ద పెట్టి, "అవ్ సార్, వాగే" అంటే అయిపోతుంది. ఈ సంగతి బయటపడితే ఏ మనిషి తన బండి నాకిస్తాడు? మంగీ ఎక్కడో లారీ ఎక్కుతాడు, బతుకుతాడు. ఇట్లా అనుకుంటుండగానే బయట మంగీ గొంతు వినపడింది, "సార్, మామ చెప్తడు సార్, మామను చెప్పనీయండి" అని.

"బెజ్జం నాది!" అని అరిచాను. "సార్! వాగు కాదు, ఏం కాదు! మేక హారన్‌కి నేనే బెజ్జం వేసిన, బుష్ వెయ్యలే! నీళ్లు అందులకెళ్లే వస్తున్నయ్!"

బయట తుల్సీరాం నవ్వు వినపడింది. "షురూ చేసిండు పాషా భాయ్!"

"నవ్వులాట కాదు! మూత వస్తలేదు, వైరు పోయింది! తియ్యిండి నన్ను!"

"పాషా," వెంకటనారాయణగారి గొంతు, మెల్లగా, "ఇవాళ నాకు నవ్వే ఓపిక లేదు. వాడు నీ దోస్తని నాకు తెలుసు. నీ మీద వేసుకుంటే వదిలేస్తాననుకున్నావా? బయటికి రా."

"రావాలంటే మూత లేవాలి కదా సార్!"

"పోయిన రంజాన్‌ల ఇట్లనే జాకీ జారిందని ఒర్లలేదా ఈయన?" అంది రహీమున్నీసా. "సెంటరంత ఉరికొచ్చింది. తుల్సీరాం అన్న పాలు పొంగి పోయినయ్. లారీ కింద పండుకొని పళ్లికిలించిండు. పండనియ్యుండి సార్, ఆయనే లేస్తడు."

ఆమె చెప్పింది నిజమే. పిడికిలితో మూతను కొట్టాను. లోపల గాలి తక్కువైంది. ఈసారి "మంగీలాల్" అని పిలిచాను.

వెనక సీటు తలుపు తెరుచుకుంది. సీటు వీపు అవతల ఎవరో తడుముతున్నారు.

"ఏం చేస్తున్నవ్‌రా మంగీ? నా బ్లేడు అక్కడ పెట్టు, ఆ కవరు నేను మొన్ననే కుట్టిన!" అని రహీమున్నీసా అరిచింది.

"కోస్తున్న అత్తమ్మా. దీని కిందనే సీటు మడిచే పట్టీ ఉంది."

బ్లేడు సర్రున చింపిన చప్పుడు. సీటు వీపు ముందుకు పడి వెలుతురు వచ్చింది. మంగీ నా చంకల కింద చేతులు వేసి లాగాడు. సీటు మీద బోర్లా పడి ఊపిరి పీల్చుకున్నాను.

"నువ్వెట్ల నమ్మినవ్‌రా?"

"తమాషా జేస్తే ముందు నీకే నవ్వొస్తది గద మామా. ఇప్పుడు రాలే."

వెంకటనారాయణగారు నా బురద మొహం చూసి కూడా నమ్మలేదు. "సినిమా బాగుంది," అన్నారు.

"సార్, నా మాట ఇడిసిపెట్టుండి. మీరే చూడుండి. సీటు మీద ఒరిగి తల లోపల పెట్టుండి చాలు."

ఆయన కండువా మంగీ చేతికి కాకుండా కుర్చీ మీద పెట్టి, లోపలికి ఒరిగి, నేనిచ్చిన లైటు పట్టుకున్నారు. రహీమున్నీసా చక్రం వెనక పైపు పెట్టింది. నీళ్ల మోత మొదలైంది. ఆయన తల లోపల ఉంది, కాళ్లు బయట ఉన్నాయి. తర్వాత బయటికి వచ్చారు. తెల్ల చొక్కా మీద ఎర్రటి చారలు, కనుబొమల నుంచి నీళ్లు.

ఇంకో రోజైతే ఆ అవతారం చూసి నేను వారం రోజులు నవ్వేవాణ్ణి.

"నిర్మల కూడా అదే కార్లో తిరిగి రావాల్సింది," అన్నారాయన. "వాన తగ్గలేదని వాళ్ల చెల్లెలు ఆపింది. లేకపోతే వెనక సీట్లో ఉండేది."

జానెడు ఎడంగా పెట్టిన మంగీ చేతులు మళ్లీ కళ్ల ముందు కదిలాయి.

ఆయన కారు తాళం తీసి మంగీ వైపు చాచారు. మంగీ వెంటనే అందుకోలేదు. ఆయన చెయ్యి చాచే ఉంచారు. "నాదే తప్పురా. నిన్ను అడగకుండా అనేశాను," అన్నారు. అప్పుడు తీసుకున్నాడు. నాతో మాత్రం, "ఆ మేకను పీకెయ్. లైట్లన్నీ బాగు చెయ్. ఇది అయ్యాక నీ షెడ్డుకి రాను పాషా," అని బస్సు కోసం సెంటరు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పనికి రెండు రోజులు పట్టింది. చిలుము పట్టిన వైర్లన్నీ కోసేసి కొత్తవి అతికాను. బటన్ వైరు మార్చాను. స్టెప్నీ గుంత అడుగున ఉండే రబ్బరు మూత తీసి, మిగిలిన నీళ్లు దించి, ఎండబెట్టాను. బెజ్జానికి బుష్ వేసి లోపలా బయటా గమ్ము పూశాను. పూసింది చాలదనిపించి మళ్లీ పూశాను. రహీమున్నీసా మ్యాటు ఉతికి దండెం మీద వేసింది, చిరిగిన కవరు మళ్లీ కుట్టింది. ఆ రెండు రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడో రోజు మంగీ కారు కోసం వచ్చాడు. టీ తాగమంటే తాగాడు. ముభావంగా ఏమీ లేడు, కానీ తొందరలో ఉన్నట్టు ఉన్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని, "మామా, ఎనక నిలబడు. బ్రేక్ తొక్కుతున్న," అన్నాడు.

రెండు వైపులా ఎర్రగా వెలిగాయి.

"ఎలిగినయ్ రా!"

"రెండూ?"

"రెండూ. అద్దం మీది చిన్నది కూడ."

"నిజమేనా?"

"నిజమే మంగీ."

తలుపు తెరుచుకుంది. దిగి, షెడ్డు గోడ దగ్గరున్న ఇటుక తీసుకుని, దాన్ని బ్రేక్ పెడల్ మీద నిలబెట్టాడు. తర్వాత కారు వెనక్కి నడిచి వచ్చాడు.

నేను పక్కకు జరిగి చోటిచ్చాను. మంగీ వంగి, ఒక్కో లైటు దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి, చేతి మీద ఎర్రటి వెలుగు పడేదాకా చూశాడు.